దీవిలో నాలుగు చుక్కలు

సెలవులకు దీవికి వెళ్లేవాళ్లు సముద్రం వైపు చూడటం మానేస్తే సగం ప్రమాదాలు తప్పుతాయి. ఫోన్ వైపు చూస్తే మిగతా సగం కూడా తప్పుతాయి!

నవ్వకండి. నేను పదో తరగతి దాకానే చదివినా భయపడటంలో పీజీ చేశాను. ఇంట్లో ఎవరైనా తుమ్మితే నా ఆలోచన ఆస్పత్రి దాకా పోతుంది. ఫోన్ ఎత్తకపోతే ఇంకా ముందుకే పోతుంది. అలాంటి నన్ను చుట్టూ నీళ్లే ఉన్న చోట కూర్చోబెట్టి, మతి చెడకుండా ఇంటికి చేర్చిన పుణ్యం ఒక యాప్‌ది.

అదేనండీ, ఇంట్లోవాళ్లు ఎవరెక్కడున్నారో మ్యాప్ మీద చుక్కల్లా చూపిస్తుందే, అది. పిల్లలంతా దాన్ని తిట్టిపోస్తున్నారు. ప్రైవసీ పోతోందట. నా కడుపులో ఉన్న తొమ్మిది నెలలూ లేని ప్రైవసీ ఇప్పుడెక్కడి నుంచి ఊడిపడిందో!

ఈ దీవి ప్రయాణం మా ఆడపడుచు పెట్టిన చిచ్చు. మా అమ్మాయికి కాలేజీ పరీక్షలయ్యాయి కదా, పిల్లకు కాస్త గాలి మార్పు ఉంటుందంది. మా ఆయన తలూపారు. చెల్లెలు ఏమన్నా తలూపడం ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. నేను ఒక్క షరతే పెట్టాను. అందరి ఫోన్లలోనూ యాప్ ఉండాలి, దీవిలో ఉన్నంతకాలం అది ఆన్‌లో ఉండాలి. ముగ్గురూ మారుమాట్లాడకుండా ఒప్పుకున్నారు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

దీవి అంటే ఏమిటనుకున్నారు? ఆ రిసార్టు వాళ్లు కొబ్బరి చెట్ల కిందే మంచాలు వేసి, హాయిగా పడుకోండి అంటారు. పైన కాయలు, కింద మన తలకాయలు! నేను నా మంచాన్ని ఎండలోకి ఈడ్చుకుపోయి గొడుగు వేసుకున్నాను.

"వదినా, ఆకాశం కూడా కాస్త వదులుగా ఉన్నట్టుంది, చూసుకో" అంది మా ఆడపడుచు.

చూసుకున్నాను. జాగ్రత్తలో సిగ్గేముంది?

పడవ షికారుకు వెళ్దామన్నారు. లైఫ్ జాకెట్లు పనిచేస్తాయా అని పడవ నడిపేవాణ్ణి అడిగితే, ఇన్నేళ్లలో ఒక్కసారీ వాటి అవసరం పడలేదమ్మా అని గర్వంగా చెప్పాడు. అవసరం పడని వస్తువు పనిచేస్తుందని ఎవరు చూశారు? అందర్నీ దింపేశాను. సముద్రంలో నిప్పులా చురుక్కుమనిపించే జెల్లీ చేపలుంటాయి, ఒడ్డున కాళ్లు కోసే గవ్వలుంటాయి, నీడలో దోమలుంటాయి. కాబట్టి దీవిలో సురక్షితమైన చోటు ఒక్కటే. భోజనాల హాల్లో ఫ్యాన్ కింద, ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు పక్కన. వైఫై కూడా అక్కడే బాగా అందుతుంది.

ఇక అక్కడి నుంచి యాప్ మహిమ చూడండి. పొద్దున ఫోన్ తీస్తే అమ్మాయి చుక్క గదిలో. మధ్యాహ్నం తీస్తే గదిలో. పక్కనే వాళ్ల నాన్న చుక్క, అత్త చుక్క. ఇంత దూరం వచ్చి ముగ్గురూ కదలకుండా గదిలో పడుకున్నారంటే, ఇంతకంటే బుద్ధిమంతులు ఎక్కడైనా ఉంటారా? నా పెంపకం అనుకున్నాను. మా ఆయన్ని నేను పెంచలేదు కానీ, ఆ క్రెడిట్ కూడా తీసుకున్నాను.

భోజనానికి ముగ్గురూ తడి జుట్లతో వచ్చేవారు. స్నానం చేశామనేవారు. పూటపూటా స్నానమే! శుభ్రత మంచిదే కదా అని ఊరుకున్నాను. కాకపోతే అమ్మాయి ముక్కు, బుగ్గలు కమిలిపోతున్నాయి. ఏసీ వేడిగాలి కొడుతోందేమోనని రిసెప్షన్లో ఫిర్యాదు చేశాను. ఏసీ మెకానిక్ వెళ్లి చూసొచ్చాడు.

"ఏసీ బాగానే ఉందమ్మా. గదిలో ఎవరూ లేరు. దిండు మీద మూడు ఫోన్లుంటే, దుమ్ము పడుతుందని దుప్పటి కప్పొచ్చాను."

మూడు చుక్కలూ దుప్పటి కప్పుకుని పడుకున్నాయన్నమాట!

నేను ఒడ్డుకు ఎలా వెళ్లానో నాకే తెలియదు. కొబ్బరి చెట్టు చాటున, తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. ఇంట్లో స్టూలెక్కి బల్బు మార్చని మా ఆయన నీళ్ల మీద వెల్లకిలా తేలుతున్నారు. అమ్మాయి వాళ్లత్త పక్కన మెడలోతులో ఈదుతోంది. ఎప్పుడు నేర్చుకుందో!

కేకేద్దామని నోరు తెరిచాను. అంతలో అమ్మాయి నవ్వింది. ఇంట్లో అయితే నవ్వేముందు నా వైపు చూస్తుంది, దగ్గొస్తుందంటానేమోనని.

మా ఆయన ఇక చాలు పదమన్నారు. మీ అమ్మ వెతుక్కుంటుందన్నారు.

"ఇంకాసేపు నాన్నా. అమ్మకు మనం గదిలోనే ఉన్నాంగా. అమ్మా హాయిగా ఉంది, మనమూ హాయిగా ఉన్నాం" అంది అమ్మాయి.

నేను నోరు మూసుకుని గదికి వెళ్లాను. దుప్పటి ఎత్తి, ఆ మూడు ఫోన్ల పక్కన నా ఫోన్ కూడా పడుకోబెట్టాను. తర్వాత దీవికి అటువైపు, ఎవరూ లేని చోటికి పోయి నీళ్లలో కాలు పెట్టాను. ముందు పాదం. తర్వాత పిక్కలు. జెల్లీ చేపలేవీ రాలేదు. మోకాళ్ల దాకా వెళ్లి నిలబడ్డాను. చెప్పడానికి మొహమాటంగా ఉంది కానీ, బాగుందండీ.

కాసేపటికి వెనకాల గోల. మా ఆయన నన్ను పిలుస్తూ ఒడ్డు వెంట పరుగెడుతున్నారు. మా ఆడపడుచు పడవవాణ్ణి వెంటబెట్టుకొచ్చింది, చేతినిండా లైఫ్ జాకెట్లు. వెంటనే చెయ్యి ఊపి పిలవాల్సింది. కాస్త ఆగి ఊపాను.

అమ్మాయి నీళ్లలోకి దూకినట్టే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికి పోయావమ్మా? ఒక్క మాట చెప్పి వెళ్తే ఏం పోయింది?"

"గదిలోనే ఉన్నానుగా. ఫోన్ చూడలేదా?" అన్నాను.

పడవవాడు వచ్చి నాకో జాకెట్ తొడిగి తాళ్లు బిగించాడు. మోకాలిలోతు నీళ్లలో!

అందుకే ఈ యాప్‌ను తల్లులందరికీ గట్టిగా సిఫార్సు చేస్తున్నాను. అది పాపం చేయగలిగినదంతా చేస్తుంది. "అమ్మా, ఈతకు వెళ్తున్నా" అని చెప్పడం మాత్రం దానికి రాదు. ఆ మాట మనుషులే చెప్పాలి. చెబితే నేను వద్దంటానని మా వాళ్ల భయం.

నిజమే, అంటాను. వద్దన్న తర్వాత వెళ్లొచ్చు కదా!