ఒక్క బుర్ర, నాలుగు తెరలు

ఎనభై ఆరులో అమలాపురం కొబ్బరి వర్తకుల సంఘానికి కంప్యూటరు వచ్చింది. చల్లటి గదిలో బీరువాలాంటి యంత్రం ఒకటి, బయట హాల్లో నాలుగు తెరలు. చూడటానికి వచ్చినవాళ్ళు చెప్పులు గుమ్మం బయటే విడిచేవారు. కాకినాడలో దాని పని నేర్చుకొచ్చిన ప్రకాశరావు కూడా రోజూ దాన్ని కొత్తగానే చూసి ఒళ్ళు గగుర్పొడిచి నిలబడేవాడు.

ఆ ఉదయం అతనికున్నది ఒక్కటే పని. ప్రెసిడెంటు ముత్యాలరాజుగారి కళ్ళెదుట లారీ యజమాని వీరబాబు కొబ్బరి లోడుకి రవాణా చీటీ అచ్చు తీసి చూపించాలి. ఆలస్యమైతే యంత్రం వెనక్కి, ప్రకాశరావు గోడౌనుకి. రాజుగారు ఆ మాట ముందే చెప్పేశారు.

గుమాస్తా సత్యం వివరాలు కొట్టి మీట నొక్కాడు. తెర ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ నొక్కాడు. పాపం, సాయం చేద్దామని పక్క గుమాస్తాలు భాస్కరరావు తన తెర మీద అదే లారీకి నొక్కాడు, ఇందిర తన తెర మీద నొక్కింది. ఎవరి తెర వాళ్ళకి సొంత కంప్యూటరని వాళ్ళ నమ్మకం. అది ఆలస్యం చేసిన కొద్దీ వీళ్ళు నొక్కారు, వీళ్ళు నొక్కిన కొద్దీ అది ఆలస్యం చేసింది.

"నొక్కకండి బాబోయ్!" అంటూ ప్రకాశరావు పరిగెత్తుకొచ్చాడు. "తెరలు నాలుగైనా లోపల బుర్ర ఒక్కటేనండీ! అందరి పనీ అదే వంతులేసుకుని చేస్తోంది. మీరు నొక్కిందల్లా దాని నెత్తినే పడుతోంది!"

ముగ్గురూ చల్లటి గదివైపు తిరిగి చూశారు.

"ఒక్కటేనా?" అంది ఇందిర గుండెల మీద చెయ్యేసుకుని. "నా ఒక్కదానికే చేస్తోందనుకున్నానండీ. ఎంత ఓపికండీ దానికి!"

"అందుకే ఒక్కొక్కరే కానివ్వండి," అన్నాడు ప్రకాశరావు. కోనసీమలో అనకూడని మాట అది.

"సత్యంగారూ, మీరు కానివ్వండి," అన్నాడు భాస్కరరావు.

"అబ్బే, ఇందిరగారు ముందండీ."

"పెద్దవారు భాస్కరరావుగారుండగా నేనేంటండీ!"

మీట మీద ఒక్క వేలూ పడలేదు. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే రాజుగారు చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. ప్రకాశరావు కళ్ళ ముందు గోడౌను కనిపించింది.

ఇంతలో ఊపిరి పీల్చుకునే సందు దొరికిన యంత్రం పాత నొక్కుళ్ళన్నీ వరసగా తీర్చడం మొదలుపెట్టింది. అచ్చుయంత్రం గరగరలాడింది. ఒక చీటీ వచ్చింది, దాని వెనక మరొకటి. కాగితం ధారలా సాగి రాజుగారి పాదాల దగ్గర కుప్ప పడింది.

"ఎవరూ చెయ్యి కూడా వెయ్యలేదు కదండీ!" అన్నారు రాజుగారు.

"ఆయ్," అన్నాడు ప్రకాశరావు. అది అబద్ధం కాదు.

గుమ్మం దగ్గర కాచుకునున్న వీరబాబు వచ్చి చీటీలు రెండు చేతులా ఎత్తుకున్నాడు. "అయ్యా, ఇన్ని ఇచ్చేరు. నాకున్నది ఒక్క లారీయేనండీ!"

"అదీ ముందుచూపంటే! రాబోయే లోడులక్కూడా తీసేసింది," అని రాజుగారు కళ్ళు తుడుచుకున్నారు. "ప్రకాశరావుగారూ, మీ కుర్చీకి ఢోకా లేదు. ఈ మహాతల్లికి ఇంకో పన్నెండు తెరలు తగిలించండి!"

ప్రకాశరావు చల్లటి గదిలోకి వెళ్ళి, ఆ మాట యంత్రంతో ఎలా చెప్పాలా అని చాలాసేపు నిలబడ్డాడు.