పెద్దది, నడిమిది, చిన్నది

ఓక్లహోమాలోని డ్రై ఫోర్క్ అనే ఊళ్లో, చర్చి భద్రతా సంఘం తన పదకొండో సమావేశాన్ని కూడా దిగ్విజయంగా ముగించింది. పన్నెండోది పెట్టుకోవాలన్న తీర్మానం తప్ప మరేదీ తేలలేదు.

సంఘాధ్యక్షుడు వెర్లిన్ స్టోడార్డ్ ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపి, ఒక్క పిల్లకీ గీత పడకుండా రిటైరైనవాడు. ఆదివారాలు గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లతో చేయి కలిపి కూర్చోబెట్టే ఆరుగురు పెద్దల్లో మొదటివాడు. ఆ ఆరుగురూ ఒకే రకం పిస్తోలు ధరిస్తే దేవుడి సన్నిధిలో పద్ధతిగా ఉంటుందని సంఘం భావించింది. హార్ల్‌బెక్ కంపెనీదే కొనాలన్నదాంట్లో భేదాభిప్రాయం లేదు. చిక్కల్లా ఆ పిస్తోళ్ల కుటుంబంలో ముగ్గురు అన్నదమ్ములుండటమే. పెద్దదాంట్లో పదిహేడు తూటాలు పడతాయి, నడిమిదాంట్లో పదిహేను, చిన్నదాంట్లో పది. మూడింట్లోనూ తూటా ఒకటే. పెద్దదాని గొట్టం చిన్నదానికన్నా ఒక అంగుళం పొడుగు. ఆ అంగుళం మీద చర్చి రెండుగా చీలింది.

వెర్లిన్‌ది పెద్దదాని పక్షం. చిన్నదాని పక్షానికి నాయకుడు ప్లంబరు డెల్మర్ పాగెట్, వెర్లిన్‌కు నలభై ఏళ్ల స్నేహితుడు.

"పది తూటాలు ఏ మూలకురా?" అన్నాడు వెర్లిన్.

"పదిహేడు మంది ఒక్కసారి లోపలికొస్తే వాళ్లకి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాలి గానీ కాలుస్తావేంట్రా? మనకి కొత్త భక్తుడొచ్చి మూడేళ్లయింది."

"నీ పొట్ట కింద పెద్దది పట్టదని చెప్పు, సరిపోతుంది."

ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. ఆదివారం విందులో డెల్మర్ భార్య తెచ్చిన చిక్కుళ్ల కూరను పెద్దదాని పక్షంవాళ్లు ముట్టుకోలేదు. నడిమిదాని పక్షాన ఎవరూ లేరు. మితవాదులకు ఆ ఊళ్లో చోటుండదు కదా. పాస్టరుగారు రాజీ కోసం తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురైనా ఒక్కటేనని గంటసేపు ప్రసంగించారు. "అయితే కుమారుడికి తూటాలు ఎన్ని?" అని ఎవరో అడగ్గా, ప్రార్థన చేసి ముగించారు.

మరుసటి ఆదివారం రెండో పాట జరుగుతుండగా గుమ్మంలో నిలబడ్డ వెర్లిన్‌కు రొమ్ము బిగబట్టినట్టయింది. తీర్మానం కోసం ఆగకుండా ఎవరికి నచ్చింది వాళ్లు అప్పటికే కొనుక్కున్నారు; నడుముకున్న పెద్దది ఒత్తుతోందేమోననుకున్నాడు. నొప్పి ఎడమ భుజానికి పాకింది. కోటు లోపలికి చేయి పోనిచ్చి రొమ్ము పట్టుకున్నాడు.

ఎదుటి గోడ దగ్గరున్న డెల్మర్ దాన్ని చూశాడు. కోటులోకి చేయి ఎందుకు పోతుందో ఆ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. డెల్మర్ చిన్నది తీశాడు. డెల్మర్‌ను చూసి తక్కిన పెద్దలు తీశారు. వాళ్లను చూసి బల్లల మీదివాళ్లు తీశారు. పియానో వాయించే ఎనభై ఏళ్ల విల్లడీన్‌గారు కూడా పాటల పుస్తకం కింద నుంచి ఒకటి తీశారు. మొత్తం ముప్ఫై నాలుగు. శత్రువు ఎవరో తెలియదు గనక ఎవరికివారు అందినవాళ్ల మీద గురిపెట్టి, మర్యాదగా నిలబడ్డారు.

వెర్లిన్ నేల మీద వెల్లకిలా పడ్డాడు. పైన అన్నీ గొట్టాల మూతులే. పదకొండు సమావేశాల్లో అతను వాటిని పక్కనుంచే చూశాడు, ఎదురుగా ఎన్నడూ చూడలేదు. పెద్దదేదో, చిన్నదేదో పోల్చుకోబోయాడు. చేతకాలేదు. అన్నిటికీ ఒకటే నల్లటి చిల్లు. అతనికి చచ్చే భయం వేసింది. ఆ భయంలోనే స్పృహ తప్పి, ఊపిరి ఆగింది.

వంటగదిలోంచి అతని భార్య ఆర్డిత్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆ గొట్టాలను కొమ్మల్లా పక్కకు తోసుకుంటూ నడిచి, మోకాళ్ల మీద కూర్చుని మొగుడి రొమ్ము నొక్కడం మొదలుపెట్టింది.

"డెల్మర్, ఆ చేతిలోది జేబులో పెట్టి అంబులెన్సుకి ఫోను చెయ్యి."

"ఎవడు కాల్చాడు ఆర్డిత్?"

"ఎవడూ కాల్చలేదు. గుండెపోటు."

ఆ మాటతో సభలో కొంత నిరుత్సాహం అలుముకున్న సంగతి దాచలేం.

ఆసుపత్రి చేరేదాకా వెర్లిన్ గుండెను ఆమె చేతులే ఆడించాయి. మూడో రోజున డెల్మర్ వచ్చి మంచం పక్కన కూర్చుని, స్నేహితుడి చేయి పట్టుకుని ఏడ్చాడు.

"ఒరేయ్ డెల్మర్, కింద నుంచి చూస్తే ఏ తేడా లేదురా. మూడూ ఒకటే" అన్నాడు వెర్లిన్ నీరసంగా.

"మందులు అలా మాట్లాడిస్తాయి, పడుకో" అని డెల్మర్ కళ్లు తుడుచుకున్నాడు. దుప్పటి సరిచేస్తూ, "అయినా ముందు బయటికొచ్చింది చిన్నదేరా. అందరూ చూశారు" అన్నాడు.

నెల తిరక్కముందే పన్నెండో సమావేశం జరిగింది. అనుభవపూర్వకంగా రుజువైనందున చిన్నదే ఆమోదం పొందింది. రెండు పక్షాలూ కౌగిలించుకున్నాయి. అప్పుడు ఆర్డిత్ లేచి, రొమ్ము ఎలా నొక్కాలో పెద్దలకు నేర్పిస్తాను, అరగంట చాలు, అంది. సంఘం ఆమెకు కృతజ్ఞతలు తెలిపి, సమయాభావం వల్ల ఆ అంశాన్ని వాయిదా వేసింది. పిస్తోలు ఒరలు తోలువా, ప్లాస్టిక్‌వా అన్నది ఇంకా తేలలేదు మరి.

ఓటింగు పెట్టారు. వెర్లిన్ భార్య వైపు చూడకుండా, తోలుకు చెయ్యెత్తాడు.