పాలు మానేసిన ఇల్లు

సోమవారం నుంచి ఇంట్లోకి పాలచుక్క రాకూడదని క్రీస్తుదాసు ఆదివారం ఆరాధన అయి ఇంటికొస్తూ దారిలోనే తేల్చేశాడు. పాలతోపాటు పెరుగు, నెయ్యి, గుడ్లు, చేపలు, కోడికూర కూడా బంద్. పక్కన నడుస్తున్న రెబ్కా ఆగి, భర్త నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగానే ఉంది.

"ఈస్టరు ముందరి శ్రమదినాలు ఇంకా మొదలే కాలేదు కదండీ. ఇప్పుడెందుకీ ఉపవాసాలు?"

"ఉపవాసం కాదు. నీ రాత్రి డ్యూటీ తప్పించడానికి."

రెబ్కా చెయ్యి తీసేసింది. రాత్రి డ్యూటీ అనే మాట ఆ ఇంట్లో పిడుగులాంటిది.

క్రీస్తుదాసు హైస్కూల్లో సోషల్ మాస్టారు. రెబ్కా ఊరి ఆసుపత్రిలో నర్సు. ఆమె ఎనిమిదింటికల్లా డ్యూటీలో ఉండాలి. ఆయన బడి పదింటికి. పర్చూరు అవతల, పత్తి చేలకూ మిరప తోటలకూ మధ్యనున్న ఆ ఊళ్లో ఎనిమిదింటికి ఎక్కడికైనా చేరడం కష్టమేమీ కాదు, ఇంట్లో పాలు లేకపోతే. ముందు పాల యలమందయ్య సైకిలు బెల్లు కోసం ఎదురుచూడాలి. ఆ పాలు కిరసనాయిలు స్టవ్ మీద పెట్టి కాపలా కాయాలి. పిల్లల జడ వైపు తిరిగిన ఆ ఒక్క క్షణంలో పాలు పొంగి స్టవ్ ఆరిపోతుంది. ఒత్తులు తుడవాలి, మళ్ళీ ముట్టించాలి, మీగడ తీయాలి, తోడు పెట్టాలి, నిన్నటి పెరుగు చిలకాలి, అడుగంటిన గిన్నె గీకాలి. రెబ్కా తలలో పిన్నులు పెట్టుకుంటూ పరుగెత్తేసరికి డాక్టర్ లక్ష్మీనరసింహంగారు వరండాలో నిలబడి గడియారం చూస్తూ ఉండేవారు. కిందటి వారం ఆయన గట్టిగానే చెప్పారు. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఇక ఎప్పటికీ రాత్రి డ్యూటీయే. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో తల్లి రాత్రిళ్ళు ఉండకపోతే ఎలా ఉంటుందో ఆలోచించడానికే క్రీస్తుదాసుకు ధైర్యం చాలలేదు.

సరిగ్గా అప్పుడే మంగళగిరిలో ప్రకృతి వైద్య శిబిరానికి వెళ్ళొచ్చాడు. పాలు దూడ కోసం పుట్టాయి, మనకోసం కాదు అని అక్కడ ఉపన్యాసకుడు గంటసేపు చెప్పాడు. దూడ సంగతి క్రీస్తుదాసుకు న్యాయంగానే తోచింది. చివర్లో ఆయన అన్న ఒక్క ముక్క మాత్రం గుండెలో దిగబడిపోయింది. పాలూ మాంసమూ లేని వంటింట్లో ఆడవాళ్ళకు పొద్దున్నపూట బోలెడు టైము మిగులుతుందట.

రెబ్కా ఒప్పుకుంది. కానీ నర్సు కాబట్టి కొలతలు ఖచ్చితంగా పెట్టింది. "ఒక నెల చూద్దాం. ఈలోపు మీ నోట్లో పాలచుక్క పడిందా, మళ్ళీ పాత పద్ధతే. అప్పుడు కాచేదీ మీరే, తోడు పెట్టేదీ మీరే. ఇంకోమాట, అడిగినవాళ్ళకి ఉన్నమాట చెప్పండి."

మొదటి షరతు క్రీస్తుదాసు ప్రాణంలా పట్టుకున్నాడు. రెండోది సోమవారం తెల్లవారగానే వదిలేశాడు.

ఏం చేస్తాడు? గుమ్మం ముందు యలమందయ్య క్యాను మూత తీసి నిలబడ్డాడు. వాళ్ళ పెళ్ళినాటి నుంచీ ఆ ఇంటికి పాలు పోస్తున్న మనిషి. పాలు వద్దంటే నీళ్ళు కలిపానంటున్నారని అలుగుతాడు. దూడ సంగతి చెబితే ఇంకా అలుగుతాడు. అందుకని క్రీస్తుదాసు, "డాక్టరు వద్దన్నాడు యలమందయ్యా," అన్నాడు.

"ఎవరికండీ?"

"నాకే."

"మీకైతే పిల్లలకి పోస్తానండి."

"వద్దులే. ఇంట్లోనే ఉండకూడదన్నాడు. నెయ్యి, గుడ్లు, నీసు కూడా."

యలమందయ్య ముఖంలో రంగు మారింది. "అంత పథ్యం ఏం జబ్బుకండీ?"

"చెప్పుకునేది కాదులే," అన్నాడు క్రీస్తుదాసు, మాట తెగ్గొడదామని. యలమందయ్య తలూపి, గుమ్మానికి కాస్త ఎడంగా సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో మాత్రం అంతా పండగలా ఉంది. పొద్దున్నే కందిపొడి, గోంగూర పచ్చడి, నువ్వుల నూనె. లేదంటే చింతపండు పులిహోర, వేరుశెనగ పప్పులు దండిగా వేసి. రాత్రికి దోసకాయ పప్పు, జొన్నరొట్టె. పిల్లలకు డబ్బాలో నువ్వుండలు. చివర్లో మజ్జిగ అన్నం లేక పండుమిరప పచ్చడి కడుపులో రైలింజనులా తిరిగేది కానీ, అది క్రీస్తుదాసు ఒక్కడి కష్టం. వంటిల్లు ఏడింటికే శుభ్రంగా ఉండేది. రెబ్కా తాపీగా జడ వేసుకుని, కూనిరాగం తీస్తూ డాక్టరు కంటే ముందే ఆసుపత్రి చేరేది.

గురువారం సాయంత్రం దాకా అలాగే సాగింది. ఆ సాయంత్రం క్రీస్తుదాసు బడి నుంచి సైకిలు మీద వస్తుంటే మిరప కళ్లం దగ్గర కుక్క ఒకటి వెంటపడింది. కరవలేదు, మొరిగిందంతే. ఆయనే కంగారుపడి సైకిలుతో సహా ఎండుమిరపకాయల రాశిలో పడ్డాడు. పెడలు గీరుకుని పిక్క మీద నెత్తురు. మిరపఘాటుకు కళ్ళు నిప్పుల్లా ఎర్రబడి ధారలు కట్టాయి. పక్కింటి వీరమ్మ కళ్లంలో కాయలు ఏరుతూ అంతా చూసింది, కుక్కనీ, నెత్తురునీ, కళ్ళనీ. లేపి కూర్చోబెట్టి, తన ముంత అందించింది.

"కాస్త మజ్జిగ తాగు నాయనా, దడ తగ్గుద్ది."

క్రీస్తుదాసు ముంతను చూసి గబుక్కున వెనక్కి జరిగాడు. "వద్దు పిన్నీ. డాక్టరు వద్దన్నాడు."

ఆ చుట్టుపక్కల ఊళ్లలో పాలూ నెయ్యీ గుడ్డూ నీసూ ఒక్కసారే మాన్పించే పథ్యం ఒక్కటే ఉంది. పిచ్చికుక్క కరిస్తే పసరు తాగేవాళ్ళకు పెట్టేది. అది తెలియని పసిపిల్లాడు కూడా ఆ ఊళ్లో లేడు. రాత్రి బర్రెల పాక దగ్గర వీరమ్మ తను చూసింది చెప్పింది, యలమందయ్య తను విన్నది చెప్పాడు. ఒక్కటే చిక్కు వచ్చింది. పథ్యం సోమవారం మొదలైతే, కుక్క గురువారం కరవడమేమిటి? యలమందయ్య కాసేపు ఆలోచించి ఆ చిక్కు కూడా విడదీశాడు. కుక్క ముందే కరిచింది. ఇది రెండోసారి.

శుక్రవారం బడిలో డ్రాయింగు మాస్టారు గౌస్ బాషా ఎప్పటిలాగే టీ గ్లాసు జరిపాడు. క్రీస్తుదాసు వద్దన్నాడు. అన్నం డబ్బాలు తెరిచాక బాషా మంచినీళ్ళ గ్లాసు జరిపాడు. తిండి మధ్య నీళ్ళు తాగకూడదని శిబిరంలో చెప్పారు కాబట్టి, క్రీస్తుదాసు చెయ్యి అడ్డం పెట్టి, "నీళ్ళు అసలే వద్దు బాషా," అన్నాడు. నీళ్ళంటే భయపడటం దేనికి గుర్తో గౌస్ బాషాకు తెలుసు. అతని కుర్చీ నెమ్మదిగా కిటికీ దాకా జరిగింది. మధ్యాహ్నం క్లాసులో ముందు బెంచీలు ఖాళీ అయి, వెనక బెంచీలో పిల్లలు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నారు. హెడ్మాస్టరు క్లాసు గుమ్మంలో నుంచే, రేపు సెలవు తీసుకోండి, కాలు నొప్పి కదా అన్నారు. ఎంత మంచి మనిషి అనుకున్నాడు క్రీస్తుదాసు.

ఈ కబురు ఆసుపత్రికి చేరినా రెబ్కాకు చేరలేదు. భర్త సంగతి భార్య ముందు ఎవరెత్తుతారు? అందరూ తనను జాలిగా చూస్తుంటే, పెరుగు మానేసి చిక్కిపోయాను కాబోలు అనుకుందామె.

శనివారం రెబ్కా ఏడున్నరకే బయల్దేరింది. పిల్లలు ట్యూషనుకు పోయారు. ఇంట్లో క్రీస్తుదాసు ఒక్కడే. వారం నుంచి పాలు లేని టీ తాగి ఆయన నాలుక చచ్చిపోయింది. నానబెట్టిన వేరుశెనగ గుళ్ళు రుబ్బి, పల్చటి గుడ్డలో వడకట్టి, కాచి, కవ్వంతో చిలికాడు. తెల్లగా, చిక్కగా, నురగలు కక్కుతూ అచ్చం పాలే. గ్లాసు ఎత్తి గటగటా తాగుతుండగా బయట అలికిడైంది. మూతి తుడుచుకోకుండానే వెళ్ళి తలుపు తీశాడు.

వాకిట్లో సగం ఊరు. ముందు యలమందయ్య, పక్కనే పాల క్యాను. వెనక వీరమ్మ. ఆ వెనక పత్తికట్టెలు పట్టుకున్న కుర్రకారు. అందరి చూపూ ఆయన మీసాల మీద నిలిచిపోయింది. మీసాల నిండా తెల్లటి నురగ.

"పాలు తాగినట్టున్నాడే," అన్నారెవరో, ఆశగా.

"ఆ ఇంట్లో పాలెక్కడివి? వారమైంది నేను పొయ్యక," అన్నాడు యలమందయ్య.

జనం ఒక్కసారిగా బారెడు దూరం వెనక్కి తగ్గారు. వెనక నుంచి ఎవరో పిచ్చికుక్క నురగ అని అరిచాక గానీ క్రీస్తుదాసుకు విషయం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. ఆ నవ్వుకు జనం ఇంకో బారెడు తగ్గారు. నన్ను కుక్క కరవలేదన్నాడు. కరిచినవాళ్ళు ఒప్పుకుంటారా అన్నారు. ఇవి వేరుశెనగ పాలన్నాడు. వేరుశెనక్కాయకు పొదుగెక్కడిదని అడిగారు. మాట కూడా తేడాగానే ఉందని వీరమ్మ చెంగుతో కళ్ళొత్తుకుంది.

యలమందయ్య క్యాను నుంచి గ్లాసుడు పాలు వంచి, కట్టె చివరతో గడప దాకా తోశాడు. "మాస్టారూ, మీకు ఏమీ లేకపోతే మా కళ్ళ ముందు ఇవి తాగండి. పొలిమేర దాకా నేనే మిమ్మల్ని భుజాన ఊరేగిస్తా."

ఒక్క గుక్క. అంతే చాలు, ఊరు శాంతిస్తుంది. కానీ ఆ గుక్కతో షరతు తెగుతుంది, పాత పద్ధతి వస్తుంది, స్టవ్ మీద పాలు పొంగుతాయి, రెబ్కాకు ఆలస్యమవుతుంది, రాత్రి డ్యూటీ వస్తుంది. క్రీస్తుదాసు చెయ్యి గ్లాసు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"చూశారా," అన్నాడు యలమందయ్య.

"మంచినీళ్ళివ్వండి, తాగుతాను," అన్నాడు క్రీస్తుదాసు. చెంబు వచ్చింది. ఎత్తి పోసుకున్నాడు. పొద్దున తిన్న పండుమిరప పచ్చడి ఇంకా గొంతులోనే ఉంది కాబోలు, పొలమారి, నోటిలోంచీ ముక్కులోంచీ నీళ్ళు చిమ్మాయి. వాకిలి క్షణంలో ఖాళీ అయింది. కట్టెలు మాత్రం మిగిలాయి.

ఇక ఒక్కటే దారి. "ఆసుపత్రికి పదండి. రెబ్కానే అడుగుదాం," అని గోడల చాటుకు చేరిన జనానికి వినబడేలా కేకేసి క్రీస్తుదాసు బయల్దేరాడు. ముందు కుంటుతూ ఆయన, బారెడు దూరంలో చుట్టూ ఊరు. బొడ్డు చుట్టూ ఎన్ని సూదులు పొడుస్తారో కుర్రకారు లెక్కలేసుకుంటూ నడిచారు.

వరండాలో తెల్లచీరలో రెబ్కా నిలబడి ఉంది. అందరూ ఒకేసారి చెప్పారు. ఆమె మెట్లు దిగి తిన్నగా భర్త దగ్గరకొచ్చింది. వద్దు నర్సమ్మా అని వీరమ్మ అరిచేలోపే, ఆయన మీసాల అంచున ఇంకా అంటుకునే ఉన్న నురగను వేలితో తీసి నాలుకకు రాసుకుంది.

"చక్కెర తక్కువైంది," అంది రెబ్కా.

తర్వాత జనం వైపు తిరిగి, ఆ పిక్క మీది గాటు తానే కడిగానని, పంటి గాటుకూ పెడలు గీతకూ తేడా తనకు తెలుసని, పాలు మానేసింది తాను వేళకు రావడం కోసమని, దాచుకోకుండా చెప్పేసింది. భర్త వైపు మాత్రం ఒక్క చూపు చూసింది. ఉన్నమాట చెప్పమన్నానా లేదా అని.

"అయినా డాక్టరుగారి నోటితో వింటేనే మాకు నిబ్బరం," అన్నాడు యలమందయ్య.

అప్పుడు అందరూ వరండాలో ఉన్న డాక్టరుగారి కుర్చీ వైపు చూశారు. ఖాళీగా ఉంది. గోడ గడియారం తొమ్మిది దాటింది.

చెదిరిన జుట్టుతో, గుండీలు పెట్టుకుంటూ లక్ష్మీనరసింహంగారు గేట్లో అడుగుపెట్టింది అప్పుడే. ఆయన కళ్ళకు ముందు ఆనింది రోగి కాదు, యలమందయ్య.

"ఎక్కడ చచ్చావయ్యా నువ్వు? పొద్దుట్నుంచీ పాల కోసం గుమ్మంలో నిలబడ్డాం. కాఫీ లేదు, పిల్లలకి పాలు లేవు, ఇల్లంతా గోల. ఇంట్లో పాలు లేకపోతే మనిషి వేళకెలా వస్తాడు?"

రెబ్కా గడియారం వైపు చూసింది. ఆమె చూసింది కాబట్టి ఊరూ చూసింది. చివరికి డాక్టరుగారు కూడా చూశారు. కాసేపు స్టెతస్కోపు సర్దుకున్నారు. క్రీస్తుదాసు పిక్క పరీక్షించి, ఇది కుక్కకాటు కాదని తేల్చి, రాత్రి డ్యూటీ సంగతి ఇక మర్చిపోండి సిస్టర్ అని మెల్లగా అని, లోపలికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం యలమందయ్య క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చాడు. రెబ్కా చక్కెర సరిపడా వేసి గ్లాసుడు వేరుశెనగ పాలు ఇచ్చింది. ఆయన నిమ్మళంగా తాగాడు. గ్లాసు వెలుతురుకు ఎత్తి చూశాడు. రెండు వేళ్ళ మధ్య చుక్క రాసి చిక్కదనం చూశాడు. గుళ్ళు ఎంతసేపు నానాలని అడిగాడు.

నెల తిరిగింది. పాత పద్ధతి ఆ ఇంటికి మళ్ళీ రాలేదు. ఊళ్లో మాత్రం యలమందయ్య పాలు ఈమధ్య మీగడలా చిక్కగా ఉంటున్నాయని వీరమ్మ మురిసిపోయింది. కాఫీకి కొత్త రుచి వచ్చిందని డాక్టరుగారు రెండో కప్పు అడుగుతున్నారు. వేరుశెనగ బస్తా సైకిలుకు కట్టుకుని యలమందయ్య సంత నుంచి రావడం చూసిన రెబ్కా, ఎవరికైనా చెప్పాలా అని భర్తను అడిగింది. ఉన్నమాట చెప్పడంలో తనకంత అనుభవం లేదని క్రీస్తుదాసు తప్పించుకున్నాడు.

మరోసారి మంగళగిరి వెళ్ళినప్పుడు ఉపన్యాసకుడు గుర్తుపట్టి, మీ ఊళ్లో ఎంతమంది పాలు మానేశారని ఆత్రంగా అడిగాడు.

"మా ఇల్లు పూర్తిగానండీ," అన్నాడు క్రీస్తుదాసు. "మిగతా ఊరు సగం. కాకపోతే వాళ్ళకింకా తెలీదు."