బద్రియా టీచర్ నర్గీసు కుండీ

ఆ గురువారం ఉదయం ముత్తన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ఎక్కకముందే మల్లెతీగకు నీళ్ళు పెట్టాలి, ఖర్జూరం చెట్టు కింద ఊడ్వాలి, ఆపైన పాత నర్గీసు కుండీని ఎవరి కంటా పడకుండా తీసుకెళ్ళి పారేయాలి.

బహ్రెయిన్‌లోని తుబ్లీ సముద్రం మీది ఫిబ్రవరి పొగమంచు వీధిలోకి వచ్చేసింది. గోడలూ కార్లూ ఎదురింటి మేడా అందులో సగం కరిగిపోయి, మిగతా సగం ఇంకా నిద్రలో ఉన్నట్టు ఉన్నాయి.

కోరుట్ల పక్క ఊరివాడైన ముత్తన్న పదకొండేళ్ళుగా బద్రియా టీచర్ ఇంట్లో తోటమాలి. ఆమె ముప్పై ఏళ్ళు బడిలో భూగోళం చెప్పి రిటైరైంది. భర్త లేడు. కళ్ళలో శుక్లాలు ముదురుతున్నాయి. నిరుడు లండన్ నుంచి కూతురు హనాన్ వస్తూ ఆ కుండీ తెచ్చింది. డాఫొడిల్ అంది, డ్రైవర్ ఇస్హాఖ్ నర్గీస్ అన్నాడు, అదే స్థిరపడింది. పసుపుపచ్చ పూలు పది రోజులున్నాయి. ఆ పది రోజులూ టీచర్ వాటి పక్కనే కుర్చీ వేసుకుని, ఎవరో కథ చెబుతుంటే వింటున్నట్టు కూర్చుంది.

పూలు వాడగానే ముత్తన్న పచ్చని ఆకులను మొదలంటా కత్తిరించాడు. తోటంటే శుభ్రంగా ఉండాలని అతని నమ్మకం. ఇనుప గేటు ముట్టుకుంటే చేయి కాలే ఎండాకాలమంతా కుండీని పిట్టగోడ మీద పెట్టి రెండు పూటలా నీళ్ళు పోశాడు. ప్రేమగానే పోశాడు. ఈ ఏడాది గడ్డిపోచల్లాంటి నాలుగు ఆకులొచ్చాయి. పువ్వు మాత్రం లేదు.

కుండీని చంకన పెట్టుకుని గేటు దాకా వెళ్ళాడో లేదో, వరండాలోంచి పిలుపొచ్చింది.

"ముత్తన్నా, అది నర్గీసేనా? మొగ్గ వేసిందా?"

అరబ్బీ, హిందీ, తెలుగు కలిసి వాళ్ళిద్దరికీ ఒక సొంత భాష ఏర్పడి చాలా కాలమైంది. అందులో అబద్ధం ఆడటం ముత్తన్నకు అదే మొదటిసారి.

"ఏసింది టీచరమ్మా. రేపటికల్ల ఇచ్చుకుంటది."

"మంచిది. రేపు సాయంత్రం హనాన్ వస్తోంది, నన్ను లండన్ తీసుకుపోవడానికి. ఇక అక్కడే ఉండాలట. ఈ ఇల్లు అమ్మేద్దామంటోంది." ఆమె మంచులోకి చూస్తూ అంది. "పోయేముందు ఆ పూలు ఒక్కసారి చూసుకుంటే చాలు."

ముత్తన్న చేతుల్లో కుండీ బరువెక్కింది. తిన్నగా ఇస్హాఖ్ దగ్గరికి నడిచాడు.

"నయీం బజార్ల నా దోస్త్ దుకాణముంది," అన్నాడు జగిత్యాల ఇస్హాఖ్, కారు తుడుస్తూ. "ప్లాస్టిక్ నర్గీసులు అసల్ లెక్కనే ఉంటయ్. టీచరమ్మకు సాఫ్‌గ కనవడదు గద."

"మోసం గాదా అది?"

"ఒక్క దినం ముచ్చట భాయ్. ఆమె ఖుషీ అయితది, ఖలాస్."

శుక్రవారం ఉదయం కుండీలో ఆరు పూలు పూశాయి. టీచర్ మసక చూపులోకి ఆ పసుపు ఒక దీపంలా వచ్చి నిలబడింది. ఆమె వంగి ముఖం పూల దగ్గరికి తెచ్చింది. తర్వాత, "నిరుటి కంటే వాసన ఎక్కువ," అంది. ఇస్హాఖ్ అత్తరు చల్లాడని ముత్తన్నకు అప్పుడు తెలిసింది.

ఒక్క దినం ముచ్చట మధ్యాహ్నానికే చేయి దాటిపోయింది. పక్కింటావిడ వచ్చి ఫోటో తీసి, టీచర్ పాత విద్యార్థుల గ్రూపులో పెట్టింది. బహ్రెయిన్‌లో నర్గీసు రెండో ఏడు పూయడమా అని ఒకరి వెనక ఒకరు బయల్దేరారు. సాయంత్రానికి వీధిలో పదహారు కార్లు. తల నెరిసిన విద్యార్థినులు కహ్వా కాఫీ తాగుతూ, కలలో ఉన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. ఒకావిడ ముత్తన్నను కుండీ పట్టుకుని నిలబడమని వీడియో తీస్తూ రహస్యం అడిగింది.

"నీళ్ళు వోసిన, అంతే," అన్నాడు ముత్తన్న. అది నిజమే.

ఒక తేనెటీగ వచ్చి, ఆరు పూలనూ చూసి, తప్పు ఇంటికి వచ్చినట్టు వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే హనాన్ పెట్టెతో లోపలికి వచ్చింది. లండన్‌లో ఆమె పూలమొక్కల నర్సరీ నడుపుతుందని పాత విద్యార్థుల్లో ఎవరో గర్వంగా అంటుంటే, పదకొండేళ్ళలో ఆ సంగతి ముత్తన్న మొదటిసారి విన్నాడు. ఆమె వంగి ఒక రేకు ముట్టుకుంది.

"అమ్మా, ఇవి ప్లాస్టిక్."

చేతుల్లో కప్పులతోనే అందరూ కుండీవైపు జరిగారు.

"తప్పు నాదే టీచరమ్మా," ముత్తన్న తల దించుకున్నాడు. "పువ్వులు రాలే. చెప్పనీకి మనసొప్పలే."

హనాన్ అతన్ని డాక్టరులా అడగసాగింది. "ఆకులు ఎప్పుడు కత్తిరించావు?"

"పువ్వులు వాడంగనే."

"పచ్చగా ఉండగానే? ఆ ఆకులే కదా లోపలి గడ్డకు తిండి పెట్టేది! వాటంతటవి ఎండేదాకా ఉంచాలి. మరి ఎండాకాలం?"

"పిట్టగోడ మీద వెట్టి, రెండు పూటల నీళ్ళు."

ఆమె కళ్ళు మూసుకుంది. "ఎండాకాలం అది నిద్రపోతుంది, ముత్తన్నా. నీడలో, పొడిగా వదిలేయాలి. తర్వాత మూణ్ణెల్లు గట్టి చలి తగిలితేగాని పూయదు." తల్లివైపు తిరిగింది. "ఎవరినీ అనక్కర్లేదమ్మా. ఇది ఈ దేశంలో బతికే మొక్క కాదు."

బద్రియా టీచర్ కూడా చేయి చాచి ఒక ప్లాస్టిక్ రేకును వేలితో తడిమింది.

"అంటే ఏ నేలది ఆ నేలలోనే పూస్తుందంటావు."

"అంతేనమ్మా."

"వేరే చోటికి తీసుకుపోతే, ఎంత ప్రేమగా చూసుకున్నా?"

"గడ్డిపోచల్లా నాలుగు ఆకులు..." అంటూ హనాన్ ఆగిపోయింది. చుట్టూ విద్యార్థినులందరూ, తరగతిలో జవాబు తెలిసినవాళ్ళలా తలలూపుతున్నారు. "అమ్మా! నేను మొక్క సంగతి చెబుతున్నాను!"

"నేనూ మొక్క సంగతే అడిగాను," అంది టీచర్. "నా టికెట్ రద్దు చెయ్యి, తల్లీ."

హనాన్‌కు ముందు కోపం, తర్వాత నవ్వు, తర్వాత ఏడుపు వచ్చాయి. తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. పది రోజులుండి వెళ్ళింది. ముత్తన్నను ఎవరూ ఏమీ అనలేదు. ప్లాస్టిక్ పూలు మాత్రం అతనే తీసేశాడు.

అక్టోబరులో హనాన్ కొత్త గడ్డలు పంపింది, మూణ్ణెల్లు ఫ్రిజ్‌లో ఉంచి నాటమంది. ముత్తన్న వాటిని డబ్బాలో పెట్టాడు. 'ఇవి ఉల్లిగడ్డలు కావు' అని టీచర్ అరబ్బీలో, ఇస్హాఖ్ ఉర్దూలో, ముత్తన్న తెలుగులో రాసి మూత మీద అతికించారు.

ఆ వారమే చేరిన కొత్త వంటావిడకు సింహళం తప్ప మరే భాషా చదవడం రాదు.