పెంబ్రూక్‌షైర్‌కు మీరూ రాండి

ఆ ఆదివారం పొద్దున కిషోర్, శ్రీదేవి మిద్దె మీద కూర్చుని, కింద వాళ్లకు వినపడకుండా వేల్స్‌కు పోయే ఏర్పాట్లు మాట్లాడుకుంటున్నారు. ధర్మవరంలో పట్టుచీరల కొట్టు నడుపుకునే మనిషికి వేల్స్‌తో ఏం పని అని అడగవచ్చు. పనేమీ లేదు. అక్కడ వాళ్లకు చుట్టాలు ఒక్కరూ లేరు, అంతే.

పెళ్లయి మూడేళ్లయినా ఆ ఇద్దరూ ఇద్దరుగా ఎక్కడికీ పోలేదు. కొత్త పెళ్లికొడుకుగా కిషోర్ ఊటీకి రెండు టికెట్లు తీస్తే, చివరికి టెంపోలో పదకొండు మంది పోయారు. బెంగళూరు దగ్గరి నంది కొండకు బైకు మీద బయలుదేరితే హిందూపురం దాటేసరికి వెనక ఒక కారు తోడైంది. ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. పడకగది తలుపు వేసుకుంటే చార్జర్ కోసం ఎవరో ఒకరు తట్టేవారు. శ్రీదేవి నగలు అడగలేదు, చీరలు అడగలేదు. మొగుడితో మొదలుపెట్టిన మాటను, మధ్యలో ఎవరూ రాకుండా, ఒక్కసారైనా చివరిదాకా చెప్పాలన్నదే ఆమె కోరిక.

కిషోర్ ఫోనులో ఫోటోలు చూపించాడు. పెంబ్రూక్‌షైర్ అని వేల్స్‌లో ఒక జిల్లా. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క పచ్చిక కొండలు, వాటి మీద గొర్రెలు. కొండ అంచు వెంబడి సముద్రాన్ని చూస్తూ నడిచే కాలిబాట. ఆ బాట పక్కన రాతి గోడల చిన్న ఇల్లు. ఇద్దరికి మించి పట్టదని అద్దెకిచ్చేవాళ్లే రాసిపెట్టారు.

"ఇద్దరికేనంట," అని శ్రీదేవి మళ్లీ చదువుకుంది. "ఆ దోవన మాట్లాడుకుంటా పోతే ఎవురూ అడ్డం రారు కదా?"

"గొర్రెలొస్తాయి."

"రానీలే. అవి కాఫీ అడగవు."

అంతలో మెట్ల మీద దగ్గు వినిపించింది. హిందూపురం నుంచి పొద్దున బండికే వచ్చిన శ్రీదేవి తండ్రి అంజనప్ప, కూతురు మిద్దె మీద ఉందని తెలిసి పైకి వచ్చేశాడు. ఫోను దాచే వ్యవధి లేకపోయింది.

"ఈ పచ్చని ఊరు యాడుండాదప్పా?"

"వేల్స్ అని, లండన్ పక్కన మామా. ఎండాకాలం పోదామనుకుంటాండాం," అన్న కిషోర్, అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. "మీరూ రాండి మామా," అన్నాడు.

ఆ ప్రాంతంలో అదొక మర్యాద. ఎక్కడికైనా పోతున్నట్టు ఒకరికి చెప్పాక "మీరూ రాండి" అనకపోతే నాలుక ఊరుకోదు. పెళ్లికి పోతూ అంటారు, సినిమాకు పోతూ అంటారు, పన్ను పీకించుకోవడానికి పోతూ కూడా అంటారు. దానికి అవతలివాళ్లు "మీరు పోయి రాండప్పా, మాకేం" అనాలి. దాంతో ఇద్దరి మర్యాదా తీరిపోతుంది. కిషోర్ తన వంతు మాట అన్నాడు. అంజనప్ప తన వంతు అనలేదు.

"ఎప్పుడు?" అన్నాడు.

భార్య పోయిన నాలుగేళ్ల నుంచీ పిలిచిన ప్రతివాళ్లకూ ఆయన "మీరు పోయి రాండప్పా" అనే చెబుతూ వచ్చాడు. చెప్పి చెప్పి విసుగెత్తింది. కొండల మీద గొర్రెలను చూస్తూ వెలిగిపోతున్న ఆ ముఖాన్ని చూశాక, ఇది వట్టి మర్యాద మాటేనని చెప్పడానికి శ్రీదేవికి నోరు రాలేదు.

తిరిగి హిందూపురం పోతూ అంజనప్ప పెనుకొండలో దిగి, కిషోర్ చిన్నమ్మ రాణి ఇంట్లో భోంచేశాడు. తిన్నాక విషయం చెప్పి, మర్యాదగా "నువ్వూ రామ్మా" అన్నాడు. రాణి పొయ్యి ఆపి, "ఆడ చలి ఎట్లుంటాదన్నా?" అని అడిగింది. తర్వాత ధర్మవరానికి ఫోను చేసి, "అక్కా, స్వెట్టర్లు యాడ కొంటాండారు?" అంది.

ఆ అక్క కిషోర్ తల్లి నాగజ్యోతి. తమ ఇంటి సంగతి పెనుకొండ నుంచి తెలిసినందుకు ఆమెకు చాలా కష్టం వేసింది. ఆ రాత్రి కిషోర్ తండ్రి రంగయ్య ఒక్క ముద్దతో చేయి కడుక్కున్నాడు.

"మమ్మల్ని రమ్మని ఉత్త మాటకైనా అనకపోతివే."

"మీరు లేకుండా యాడికి పోతాం నాయనా. మీరూ రాండి."

గోడకు ఆనుకుని చెనిక్కాయలు ఒలుస్తున్న అవ్వ వెంకటమ్మ తలెత్తింది. "నేనేం పాపం చేసినానప్పా?"

"నువ్వూ రా అవ్వా," అన్నాడు కిషోర్. అప్పటికి ఆ మాట అతనికి అలవాటైపోయింది.

ఇద్దరు పట్టే రాతి ఇల్లు రద్దయి, ఆరు గదుల పెద్ద ఇల్లు ఖాయమైంది. దాని యజమానురాలికి రోజుకొక ప్రశ్న పంపే పని కిషోర్ మీద పడింది. గొర్రెలు సముద్రంలో పడకుండా ఎవరు కాస్తారని అంజనప్ప అడిగించాడు. అక్కడి పొయ్యి మీద రాగి సంగటి కెలకవచ్చా అని రాణి అడిగించింది. సంగటి అంటే ఏమిటని ఆవిడ తిరిగి అడిగితే, శ్రీదేవి కూర్చుని ఓపికగా వివరం రాసింది. వీసా వాళ్లు ఇద్దరు ముగ్గురినైనా ఆపుతారని దంపతులు లోలోపల ఆశపడ్డారు. ఆ మర్యాద వీసా వాళ్లకూ ఉన్నట్టుంది, ఒక్కరినీ ఆపలేదు.

ప్రయాణం ముందురోజు సాయంత్రం అందరూ ధర్మవరం ఇంట్లో చేరారు. పెట్టెలు కట్టడం అయిపోయింది. దేవుడి దగ్గర దీపం వెలిగించి వచ్చిన అవ్వ మామూలుగా ఒక మాట అడిగింది.

"అయితే రేపట్నుంచి దీపం ఎవురు పెడతారు?"

వేరే ఎవరో ఒకరు ఉంటారులే అని అందరూ అనుకుంటూ వచ్చారు. ఆ ఇంటి దేవుడి దగ్గర దీపం ఒక్క పూట కూడా మానింది లేదు. ఆ పని బయటివాళ్లకు అప్పగించడమూ లేదు.

"నేనుంటాలే. ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ పెడతాండేది నేనే గదా," అంది అవ్వ. తర్వాత మెల్లగా, "సముద్రం ఫోటోలో చూస్తాలే," అని పెట్టెలోంచి తన కొత్త స్వెట్టరు తీసి మడత పెట్టబోయింది.

తాను కోరుకున్న వేల్స్ తనకు ఎలాగూ దక్కలేదు, ఈ ముసలామెకైనా దక్కనీ అని శ్రీదేవికి అనిపించింది. స్వెట్టరు అందుకుని మళ్లీ పెట్టెలో సర్దేసింది.

"నువ్వు పోవాల అవ్వా. నేనుంటా."

"అదొక్కతే ఎట్లుంటాది? నేనూ ఉంటా," అన్నాడు కిషోర్.

రాణి కళ్లు తుడుచుకుంది. ఇంత త్యాగం ఈ కాలంలో ఎవరు చేస్తారని నాగజ్యోతి కోడలిని దగ్గరికి తీసుకుంది. అంజనప్ప తానూ ఉండిపోతానన్నాడు కానీ, కూతురు ఒప్పుకోలేదు.

పొద్దున అందరినీ ఎక్కించుకుని వ్యాను బెంగళూరు దోవ పట్టింది. శ్రీదేవి లోపలికి వచ్చి దీపం పెట్టింది. వంటింట్లో ఎవరూ లేరు. నడవలో ఎవరూ లేరు. కిషోర్ వీధి తలుపు మూసి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. ముందు కిషోర్ నవ్వాడు. శ్రీదేవికి నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది.

"ఆ పొద్దు ఊటీలో ఏందో చెప్పబోయినావే," అన్నాడు.

ఆమె చెప్పింది. మొదటి నుంచి చెప్పింది. మధ్యలో ఎవరూ తలుపు తట్టలేదు. కాఫీలు చల్లారిపోయాయి, మాట మాత్రం చివరిదాకా సాగింది. విని కిషోర్ ఆమె చేయి పట్టుకున్నాడు.

మూడోనాడు అవ్వ వీడియో కాల్ చేసింది. వెనక సముద్రం, గాలికి ఎగిరే చెంగు, దూరంగా గొర్రెల మధ్య అంజనప్ప.

"ఎంత బాగుండాదో చెప్పలేనమ్మా. ఆడ మీరిద్దరే బిక్కుబిక్కుమంటాండారే, పాపం. మేం తొందరగా వచ్చేస్తాంలే."

"తొందరేం లేదవ్వా, అంతా నిదానంగా చూసి రాండి," అంది శ్రీదేవి.

వీసాలు ఆరు నెలలకు ఇచ్చారని ఆమె అప్పటికే చూసి పెట్టుకుంది.