ఎనిమిది వందల మీటర్లు, మూడు కిటికీలు

ఒక దేశం ఎంత వేగంగా పరుగెత్తగలదో తెలుసుకోవడానికి మైదానాలకు వెళ్లనక్కర్లేదు, ఆ దేశపు ఆఫీసుల్లో మధ్యాహ్నం పన్నెండూ యాభై అయిదుకు నిలబడి చూస్తే చాలు. అథ్లెటిక్స్ సంఘంవారు ఈ సత్యాన్ని కాస్త ఆలస్యంగా గ్రహించారు. (ఆలస్యంగా గ్రహించడం సంఘం నియమావళిలోనే ఉంది.)

వాళ్లకు ఆ సత్యం ఒక టైలరమ్మ కాళ్లలో కనబడింది. ఆవిడ ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి. ఒట్టి కంగారు మనిషి కూడా. పాప తుమ్మకముందే జలుబు చేసిందని మందు వెతుక్కునే రకం. అయిదేళ్ల ఆ పాపకు జనన ధ్రువపత్రం లేదు. ఇల్లంతా గంతులేస్తున్నా కాగితాల లెక్కన ఇంకా పుట్టలేదు. పుట్టని పిల్లను బళ్లో చేర్చుకోరు, చేర్పులేమో నెలాఖరుతో ఆఖరు. తన చదువు సగంలో తెగింది సరే, దీని చదువు మొదలుకాకుండానే తెగుతుందా అని ఆవిడ బెంగ.

పత్రం కావాలంటే ఆఫీసులో ఒకటో కిటికీలో ఫారం తీసుకుని, ఆవరణ ఆ చివరనున్న రెండో కిటికీలో ముద్ర వేయించుకుని, మళ్లీ ఒకటో కిటికీకే తిరిగి రావాలి. పోను నాలుగు వందల మీటర్లు, రాను నాలుగు వందలు. ఫారాలు ఇచ్చేది పన్నెండూ యాభై అయిదుకు, కిటికీ మూసేది ఒంటిగంటకు. ఆవిడ రోజూ వేళకు చేరేది. రోజూ ఏదో ఒక కాగితం తక్కువయ్యేది.

అదే ఆఫీసు మేడమీద సంఘం గదిలో టీ తాగుతూ కార్యదర్శిగారు పదకొండు రోజులు ఈ పరుగు చూశారు. పన్నెండో రోజున కిందికి దిగారు.

"చెప్పులతోనే ఇలా దూసుకెళ్తున్నావే, బూట్లిస్తే ఇంకెలా ఉంటుందమ్మా?"

"బూట్లెందుకండీ, సంతకం ఇప్పించండి చాలు."

"ప్రపంచ పోటీలకి మనకి ఒకే ఒక్క సీటుంది. నువ్వు పరుగెత్తు. ఫలితాల కాగితంలో నీ పేరు పడ్డాక దాన్ని అర్జీకి జతచెయ్యి. క్రీడాకారుల పిల్లలకి అదే రోజు సంతకం."

"ఓడిపోతేనో?"

"గెలవమని ఎవరన్నారు తల్లీ? మన సంఘంలో అలాంటి పాడు అలవాట్లు ఎవరికీ లేవు."

జట్టు బయల్దేరింది. పరుగెత్తడానికి ఒకరు, పరుగెత్తించడానికి ఆరుగురు: అధ్యక్షులు, కార్యదర్శి, జెండా పట్టుకునేవారు, జెండా మడిచేవారు, బూట్ల పర్యవేక్షకులు, దుబాసీగా అధ్యక్షుల బావమరిది. (ఆయనకు వచ్చిన భాష ఒక్కటే. అది మిగతా అందరికీ వచ్చు. కోచ్‌కు సీటు చాలలేదు.)

పోటీ రోజు పర్యవేక్షకులు బూట్లు తెచ్చి, ఎడమ బూటుకు ఒక సంతకం, కుడి బూటుకు ఒక సంతకం తీసుకున్నారు. ఆవిడ దేన్నీ చదవకుండానే సంతకం పెడుతుంది. చదివితే భయం వేస్తుంది, చదవకపోతే రాత్రంతా భయం వేస్తుంది. మొదటిదానికంటే రెండోదే అలవాటైన భయం.

పరుగుకు ముందు అందరినీ ఒక గదిలో తనిఖీ చేశారు. ఆవిడ చంకలో కాగితాల ప్లాస్టిక్ కవరు చూసి తనిఖీ చేసే ఆవిడ అడ్డంగా తల ఊపింది.

"వాళ్లు వద్దంటున్నారు చెల్లెమ్మా," అన్నాడు దుబాసీ గుమ్మం అవతలి నుంచి.

"అది నాకూ తెలుస్తోంది అన్నయ్యా. ఎలా అడిగితే సరేనంటారో చెప్పు."

ఆ భాష ఆయనకు రాదు. కవరు వదిలితే పాప పుట్టిందని ఆసుపత్రివాళ్లిచ్చిన అసలు చీటీ పోతుంది, వదలకపోతే పరుగే పోతుంది. చివరికి ఒక్క చీటీని నాలుగు మడతలు పెట్టి, గుండెమీది నంబరు వెనక పిన్నుతో గుచ్చుకుంది.

తుపాకీ పేలింది. మిగతా ఏడుగురూ గాలిలా వెళ్లిపోయారు. ఆవిడకు మాత్రం దూరంగా కిటికీ రెక్క మూసుకుంటున్నట్టే కనిపించింది. రెండు నిమిషాల పంతొమ్మిది సెకన్లు! ఎనిమిది మందిలో ఎనిమిదో స్థానం, మన జట్టులో మొదటి స్థానం, పైగా జాతీయ రికార్డు. (అధికారులు ఆరుగురూ ఆ సమయంలో గ్రూపు ఫొటో క్యూలో ఉన్నారు.)

గీత దాటాక ఆవిడ ఆగలేదు. అలవాటు కాళ్లను నేరుగా అక్కడున్న బల్ల దగ్గరికి లాక్కుపోయింది. రొప్పుతూ, పిన్ను తీసి, చీటీ విప్పి, తల వంచుకుని చెయ్యి చాపింది.

"అయ్యా, ముద్ర."

బల్ల వెనకాయన కంగారుగా లేచి, తన కుర్చీ ఇచ్చి, మంచినీళ్లు తాగించాడు. అప్పుడు తెలిసింది ఆవిడకు, అది ఆఫీసు కాదని.

నెలాఖరు రోజున ఫలితాల కాగితం పట్టుకుని, పాపను చంకనెత్తుకుని ఒకటో కిటికీ ముందు నిలబడింది.

"ఇవాళైనా పుడతానా అమ్మా?" అంది పాప.

"పుడతావులే, కదలకు."

గుమాస్తా కాగితం చూసి పొంగిపోయాడు. "రికార్డు మీదేనా? పేపర్లో చూశామమ్మా! ఆఫీసంతా మీ గురించే." పక్క బల్లవాళ్లను పిలిచి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పాప కూడా కొట్టింది. తర్వాత ఆయన కాగితం వెనక్కి తోశాడు. "క్రీడాకారుల పిల్లలకి మూడో కిటికీ. కొత్తగా పెట్టారు. గోదాము వెనకాల, ఇక్కణ్ణుంచి సరిగ్గా ఎనిమిది వందల మీటర్లు. ఒంటిగంటకి మూసేస్తారు."

ఆవిడ గడియారం చూసింది. "ఇంకా రెండు నిమిషాలే ఉందండీ!"

గుమాస్తా ఫలితాల కాగితం మీద వేలు పెట్టి, ఇంట్లో మనిషికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"ఆ పంతొమ్మిది సెకన్లే కాస్త తగ్గించుకోవాలమ్మా."