ఓయ్ అనాల్సిన మిషన్లు

రెండువేల తొమ్మిదిలో, భీమవరం పక్కన పల్లంరాజుగారి రొయ్యల ఫ్యాక్టరీలో ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. విశాఖ నుంచి కొనుగోలు కంపెనీ తరఫున రత్నమాణిక్యంగారు వస్తారు. ఏ పెట్టెలో రొయ్య ఏ చెరువులో పెరిగిందో కంప్యూటర్‌లో చూస్తారు. నచ్చితే సంతకం, ఆ తర్వాత భోజనం. సంతకం అయితే కంప్యూటర్లు చూసే వీరవేణి ఉద్యోగం పర్మనెంట్. కాకపోతే ఆమె మళ్ళీ పాలకొల్లు వెళ్ళి నెట్ సెంటర్‌లో కూర్చోవాలి. ఈ ముక్క రాజుగారు అందరి ముందూ అన్నారు, బెదిరించినట్టు కాదు, రేపు వాన పడుతుందన్నట్టు.

ఆ ఫ్యాక్టరీలో కంప్యూటర్ల విభాగమంటే వీరవేణి ఒక్కతే. అయిదు గదుల్లో మూలుగుతున్న అయిదు పాత కంప్యూటర్లను తీసేసి, ఒక పెద్ద పెట్టె కొనిపించి, దాని లోపలే అయిదు మిషన్లు నడిచేలా చేసింది. బయటికి కనిపించే పెట్టె ఒకటే, లోపల దేని పని దానిదే. ప్రతి మిషనూ తను చేసిన పనల్లా వరసగా రాసుకుంటుంది. దాన్నే లాగ్ అంటారు. ఆ లాగ్‌లన్నీ చదివి, తేడా కనిపిస్తేనే ఫోన్‌కి మెసేజ్ పంపే సాఫ్ట్‌వేర్ కూడా పెట్టింది. ఇదంతా మేనేజర్ చంద్రరావుకి విడమరిచి చెప్పింది. ఆయన ప్రతి మాటకీ "ఆయ్" అన్నాడు. ఆయ్ అన్నవాడు విన్నాడని ఎవరు చెప్పారు?

రాజుగారు మాత్రం విన్నారు. అదే కొంప ముంచింది.

"తేడా వస్తేనే చెబుతుందా? చెప్పకపోతే బాగుందనుకోవాలా, పడుకుందనుకోవాలా?" అన్నారు ముందురోజు.

"బాగుందనుకోవాలండి."

"మా చెరువు గట్టు మీదకొచ్చి ఆ మాట చెప్పమ్మా. దొంగలు వలేసుకుపోయాక మిగిలిన నీళ్ళు చూపిస్తాను."

రాజుగారి చెరువుల మీద ఒక పద్ధతి ఉంది. రాత్రి కాపలావాళ్ళు ఒకడి తర్వాత ఒకడు "ఓయ్" అనాలి. అననివాడు నిద్రపోయినట్టు, వాడి కూలి కట్. పగలంతా మేత చల్లి రాత్రంతా ఓయ్ అనే మనిషి ఎప్పుడు పడుకోవాలన్నది ఆ పద్ధతిలో లేదు. ఇప్పుడు మిషన్లకీ అదే పెట్టమన్నారు. అయిదూ నిమిషానికోసారి మెలకువగా ఉన్నామని ఆయన ఫోన్‌కి చెప్పాలి. పక్కది మెలకువగా ఉందో లేదో కూడా ప్రతిదీ చెప్పాలని చంద్రరావు ఒక ముక్క కలిపాడు. అలా చేస్తే ఆ కబుర్లన్నీ లాగ్‌లో పడి డిస్క్ నిండిపోతుందని వీరవేణి అంది. చెప్పింది చెయ్యమన్నారు. చేసింది.

తెల్లారి కాఫీ హోటల్లో రాజుగారి జేబు ఆగకుండా మోగింది. పక్క బల్ల వాళ్ళకి ఫోన్ తీసి చూపించి, జీతం లేని కాపలావాళ్ళని పెట్టానని చెప్పుకున్నారు. రెండో కాఫీ వచ్చేసరికి మోత ఆగిపోయింది. ఫోన్‌లో మెసేజ్‌లు నిండి ఇంక పట్టలేదు, అంతే. రాజుగారికి తోచింది వేరు. చంద్రరావుకి ఫోన్ చేశారు.

"అయిదూ పడుకున్నాయి. వెళ్ళి లేపు."

"ఆయ్."

చంద్రరావు మిషన్ల గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. నిద్రపోయినదాన్ని లేపడానికి ఆయనకు తెలిసింది ఒకటే, స్విచ్ ఆపి వెయ్యడం. ఆపాడు. వెయ్యబోతూ గది చుట్టూ చూశాడు. అయిదు మిషన్లు ఉండాల్సినచోట ఒక్క పెట్టె ఉంది. స్విచ్ సంగతి మరిచిపోయి, నాలుగు మిషన్లు ఎవరో ఎత్తుకుపోయారని కేకలు పెడుతూ బయటికి పరిగెత్తాడు. కబురు విని హోటల్ నుంచి పరుగున వచ్చిన రాజుగారు గేటు మూయించమన్నారు. లోపలున్న ప్రతి లారీనీ, వచ్చే పోయే ప్రతి బండినీ వెతకమన్నారు. అప్పుడే డ్యూటీకి వచ్చిన వీరవేణి సంచీ కూడా కింద గుమ్మరించారు. అందులో టిఫిన్ డబ్బా తప్ప ఏమీ దొరకలేదు.

సరిగ్గా అప్పుడే రత్నమాణిక్యంగారి కారు వచ్చింది. గేటు దగ్గరి బుల్లియ్య డిక్కీ తెరిపించాడు. అందులో నాలుగు అట్టపెట్టెలు.

"లెక్క సరిపోయిందండి," అని అరిచాడు.

దారిలో ఆత్రేయపురం వెళ్ళి ఆవిడ కొనుక్కొచ్చిన పూతరేకులవి. లోపల ఏముందోనని బుల్లియ్య బొటనవేలితో నొక్కి చూశాడు. నాలుగు పెట్టెలూ నొక్కాడు. నెయ్యి మోచేతిదాకా కారింది.

"నన్ను దొంగని చేశారు, బానే ఉంది. ఆ పిండి ఎవరు తింటారండి?" అంది రత్నమాణిక్యంగారు. రాజుగారు ఆవిడకి చేతులు జోడించారు. లోపలికి తీసుకెళ్ళి చల్లని మజ్జిగ ఇప్పించారు. ఆవిడ ముట్టలేదు. చెరువుల వివరాలు చూపించమంది.

ఈలోగా వీరవేణి స్విచ్ వేసి మిషన్లని లేపింది. లేచాయి గానీ చెరువుల వివరాలు తెరుచుకోలేదు. డిస్క్‌లో సూది దూరే చోటు లేదు, నిండా మెలకువ కబుర్లే. ఆమె రాజుగారి వైపు తిరిగింది.

"ఈ ఓయ్‌లు చెరిపెయ్యమంటారా, చెరువులు వదిలేసుకోమంటారా?"

రాజుగారు జేబులో ఫోన్ ఓసారి తడుముకున్నారు. చెరిపెయ్యమన్నారు. ఒక్కసారిగా చెరువులన్నీ తెర మీదకొచ్చాయి. అడిగిన ప్రతి పెట్టెకీ చెరువు దొరికింది.

"మరి పొద్దున్న ఏం జరిగింది?" అంది రత్నమాణిక్యంగారు.

అబద్ధం చెప్పమని చంద్రరావు కళ్ళతో బతిమాలాడు. వీరవేణి లాగ్ తెరిచి ఆవిడ ముందు పెట్టింది. మిషన్లు అయిదూ ఒకే క్షణంలో ఆగిపోయాయి. వాటిలో ఏ తప్పూ లేదు, ఊళ్ళో కరెంటూ పోలేదు, ఎవరో చేత్తో స్విచ్ ఆపేశారు. అందరూ మేనేజర్ చంద్రరావుకేసి చూశారు, ఆయన గోడకేసి చూశాడు.

ఆవిడ అది రెండుసార్లు చదివింది. "ఎక్కడికెళ్ళినా అంతా బ్రహ్మాండంగా ఉందని రాసి చూపిస్తారు. మేనేజర్ మీద సొంత ఫ్యాక్టరీ కంప్యూటరే సాక్ష్యం చెప్పడం ఇక్కడే చూశాను," అని సంతకం పెట్టింది. ఒకటే షరతు. ఆ గదిలోకి వీరవేణి తప్ప, యజమానితో సహా ఎవరూ వెళ్ళకూడదు.

రాజుగారు ఒప్పుకున్నారు. వీరవేణి పర్మనెంట్ అయింది, గది తాళం ఆమె చేతికొచ్చింది, మిషన్లకి మెలకువ చెప్పుకునే బాధ తప్పింది.

ఇప్పుడు గంటగంటకీ రాజుగారే వచ్చి ఆ తలుపు తడతారు, లోపల నుంచి వీరవేణి "ఓయ్" అంటుంది.